పెట్టె మోసే వేషం

కొన్నేండ్ల కింద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన వార్షికోత్సవాన్ని కొత్తగూడ దగ్గర ఒక కన్వెన్షన్ హాలు పచ్చికలో జరుపుకుంది. కంపెనీ పేరుతో మనకు పని లేదు. ఆ యేడు వాళ్లు పెట్టుకున్న వేడుక 'పాత దండు విడిది'. గుడారాలు వేసిండ్రు, చెక్క ఫిరంగి తెచ్చి నిలబెట్టిండ్రు, నగారా కొట్టేటోళ్లను పిలిపించిండ్రు. ఎర్ర కోటు, నడుముకు కత్తి, ఈకల టోపీ పెట్టుకొని కుంపిణీ కెప్టెన్ వేషం వేసింది ఆ కంపెనీలో ఒక పెద్ద మేనేజరు. ఆయన వెనక పన్నెండు మంది సిపాయిలు. వాళ్ల వెనక దొర సామాను మోసేటోళ్లు నలుగురు. ఆ నలుగురిలో నేనొకణ్ని. చేతిలో పైసలు లేని రోజులవి. ఇంకొకడు మా హాస్టల్లో ఉండే ఎం.ఏ. పిల్లగాడు. మిగిలిన ఇద్దరు అక్కడి బస్తీ వాళ్లు.

సిపాయి వేషానికి ఎనిమిది వందలు, సామాను వేషానికి ఆరు వందలు. వేషాలు పంచిన మనిషి మమ్మల్ని పదహారు మందిని వరుసలో నిలబెట్టి, ఈ కొసనుంచి ఆ కొసకు ఒక్కసారి నడిచి, "మీరంతా సోల్జర్స్, మీరు నలుగురు లగేజ్" అన్నాడు. ఎట్ల ఎంచినవని మేం అడగలేదు. వరుసలో నల్లగా, సన్నగా ఉన్నది మేం నలుగురమే. అందులో ముగ్గురం ఎస్సీలమని అతనికి తెలిసే వీలు లేదు. అతను కులం అడగలేదు కూడా. అయినా లెక్క ఎక్కడా తప్పలేదు.

నా తల మీదికి వచ్చింది ఒక పెట్టె. ప్లైవుడ్డుకు ఇత్తడి రంగు పూసింది, లోపల ఖాళీ. పిల్లగాడి తల మీద ఇంకో పెట్టె. బస్తీ వాళ్లకు మడత కుర్చీ, చేతులు కడిగే పళ్లెం, చెంబు, బూట్లు, ఒక తిండి బుట్ట. పిల్లగాడు పెట్టె ఎత్తుకునే ముందు సంచీలోంచి తన తువ్వాల తీసి మెలితిప్పి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకున్నాడు. ఖాళీ పెట్టెకు చుట్టకుదురు ఎందుకురా అంటే, "అలవాటన్నా, అది లేకుంటే చెయ్యి ఎత్తబుద్ది కాదు" అన్నాడు. మేం నాలుగడుగులు వేసినమో లేదో వేషాలు పంచిన మనిషి ఉరికొచ్చి ఆపాడు. రెండు తప్పులు చెప్పాడు. ఒకటి, ఆ తువ్వాల తీసెయ్యాలి, ఫొటోలో బాగుండదు. రెండు, బరువు మోసినట్టు లేదు, ఇంకా వంగాలి.

ఈ రెండో మాట నన్ను విడవలేదు. నేను ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

నెత్తి మీద బరువు మోసిన మనిషి వంగడు. వంగితే పెట్టె జారి ముందుకు పడుతుంది, మెడ విరుగుతుంది. మెడ నిట్టనిలువుగా, చూపు సూటిగా, నడక నడుము కింది నుంచి, అడుగులు చిన్నగా, ఆగకుండా. గడ్డిమోపు మోసిన ఏ తల్లిని అడిగినా చెప్తుంది. పిల్లగాడు అట్లనే నడిచాడు. వాడి నడక ఆ సాయంత్రం మొత్తం మీద చరిత్రకు దగ్గరగా ఉన్న ఒకే ఒక్క సంగతి. దాన్నే దిద్దిండ్రు. ఎందుకంటే వేడుక చేసేటోళ్ల మనసులో పెట్టె మోసేటోడి బొమ్మ ముందే గీసి ఉంది. వాడు వంగి ఉంటాడు. వంగకుండా మోసేటోణ్ని చూస్తే వాళ్లకు అది నౌకరీ లెక్క కనపడదు. అంటే ఆ వంకర మోసేటోడి నడుములో లేదు, చూసేటోడి కండ్లల్లో ఉంది. ఆ వేడుకలో కోటు గుండీలు సరిగ్గా ఉన్నయా లేదా అని ఒక గంట చర్చ జరిగింది. మా నడక గురించి తీర్పు మాత్రం అర నిమిషంలో అయిపోయింది.

పాత యుద్ధాలను వేషాలు కట్టి మళ్లీ ఆడే అలవాటు ఇంగ్లండులో, అమెరికాలో పెద్ద వ్యాసంగం. అందులో గొప్ప పట్టింపు ఏమంటే 'అచ్చం అప్పటిలెక్క ఉండాలి' అనేది. టోనీ హార్విట్జ్ 1998లో అచ్చువేసిన పుస్తకంలో అమెరికా అంతర్యుద్ధాన్ని ఇట్ల ఆడేటోళ్ల మధ్య తిరిగి రాసిన ముచ్చట్లున్నయి. ఇత్తడి గుండీలకు పాత రంగు రావాలని వాటిని మూత్రంలో నానబెట్టేటోళ్లను ఆయన చూశాడు. (తోలు ఊనిన లందల వాసనకు మా పెద్దోళ్లను ఊరవతల పెట్టిన దేశం మనది. మూత్రంలో చెయ్యి పెట్టడం ఒకడికి వెలి, ఇంకొకడికి వారాంతపు సరదా.) గుండీ దాకా పోయిన ఆ పట్టింపు పెట్టె మోసినోడి దాకా ఎందుకు రాదు? దారం లెక్కపెట్టినోడు కులం లెక్క ఎందుకు పెట్టడు?

మన దగ్గరి లెక్క చెప్తాను. మా తాత నిజాం కాలంలో మంజీర ఒడ్డు పల్లెల్లో వెట్టి చేసిండు. గిర్దావరు దౌరాకొచ్చినా, అమీను వచ్చినా, తహసీల్దారు వచ్చినా ఆయన సామాను ఈ ఊరి చావడి నుంచి పై ఊరి చావడి దాకా మోయాలి. అక్కడ ఆ ఊరి వెట్టోడికి అప్పజెప్పి తిరిగి రావాలి. కూలి లేదు. ఆలస్యమైతే దెబ్బలు. మా అవ్వ ఈ సంగతి చెప్పేటప్పుడు ఒక వరుసలో చెప్పేది. సందూకు, కాయితాల కట్ట, పరుపు చుట్ట మాలోళ్లు, మాదిగోళ్ల నెత్తికి. నీళ్ల బిందె ముట్టరాదు, అది బెస్తోళ్లు తెస్తరు. కుండలు కుమ్మరి తెచ్చి ఇస్తడు. అంట్లు, బట్టలు, రాత్రి దివిటీ చాకలిది. దొర కాళ్లు పిసుకుడు మంగలిది. తిండి బుట్ట దిక్కు మావోళ్లు చూసినా తప్పే. మా తాత ముందర పొయ్యేటప్పుడు తిండి మోసేటోడు గాలి తగలకుండా దూరంగా నడిచేటోడట. అంటే అధికారి సామాను ఒక మూట కాదు. అది కులాల వారీగా విడగొట్టిన మూటల వరుస. దారి పొడుగునా ఆ వరుస చెదరకుండా నడవాలి. ఊరి నడుమ కులం ఎట్ల పరుచుకొని ఉంటుందో, దౌరా బాటలో కులం అట్ల బారుగా నడిచేది.

ఈ లెక్కన చూస్తే కొత్తగూడ వేడుకలో మేం మోసిన తీరు తప్పు. తిండి బుట్ట, చెంబు, బూట్లు ముగ్గురు ఎస్సీలున్న గుంపుకే ఇచ్చిండ్రు. మన పల్లెల్లో ఏ అమీను సామానూ అట్ల నడవలేదు. మొదట నేను ఇది వాళ్ల అజ్ఞానం అనుకున్న. తర్వాత చదివితే సంగతి కొంచెం మారింది. బెంగాలు వైపు తెల్ల దొరలకు ఖాన్సామా, భిస్తీ, ధోబీ, మెహ్తర్, సాయీసు, గడ్డి కోసేటోడు అని పనికొక మనిషి. ఒకడి పని ఒకడు ముట్టడు. మద్రాసు వైపు దొరల ఇండ్లల్ల పనిచేసినోళ్లల్ల పరయ, మాల కులాలోళ్లు, వాళ్లల్ల నుంచి కిరస్తానంలోకి పోయినోళ్లు చాలామంది. వంట, వడ్డన, బూట్లు, పెట్టె అన్నీ ఒక్కడే చూసుకునేది. దొరలు దాన్ని మద్రాసు నౌకరు గొప్పతనంగా చెప్పుకున్నరు. అది గొప్పతనం కాదు, ఎక్కడ మెట్టు దిగడానికి ఇంకా మెట్టు లేదో అక్కడ మనిషి అన్ని పనులూ ముడతడు. కాబట్టి వేషాలు పంచిన మనిషి తెలియకుండానే ఒక నిజం పట్టుకున్నాడు. అన్నీ ఒక్క గుంపే మోసిందంటే వాళ్లు మనోళ్లే.

మన భాష దాచిపెట్టిన సాక్ష్యం కూడా ఉంది. 'బంటు' అంటే సైనికుడూ అవును, సేవకుడూ అవును. 'బంట్రోతు' అంటే ఒకప్పుడు కాల్బలంలో నడిచే భటుడు, ఇప్పుడు ఆఫీసులో ఫైలు మోసేటోడు. 'ప్యూను' కథ కూడా అంతే, పోర్చుగీసు మాటలో అది కాలినడక సైనికుడు. 'లస్కరు' అంటే దండుకు చెందినవాడు, మన దగ్గర కాలువ తూము కాడ ఉండే మనిషి. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఇంకో సంగతి చెప్తుంది. దొరలు పల్లకీ మోసేటోళ్లను 'బాయ్' అని పిలిచింది ఇంగ్లీషు మాట ఒక్కటే కాదట, తెలుగు, మలయాళాల్లోని 'బోయి' అనే కులం పేరు అందులో కలిసిందట. ఒక కులం పేరు నౌకరును పిలిచే కేకగా మారిపోయింది. 'తిలంగా' అనే మాట చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసు నుంచి బెంగాలుకు పోయిన కుంపిణీ సిపాయిల వల్ల ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అయింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను ఆ పేరుతోనే పిలిచిండ్రు. మన జాతి పేరు దేశానికి సిపాయి పేరు అయిందని మనోళ్లు ఛాతీ విరుచుకుంటరు. మెదక్, రంగారెడ్డి పల్లెల్లో 'బేగరి' అనే ఇంటిపేరు చాలా ఉంది. మా మేనమామల ఇంటిపేరు అదే. అది బేగారు చేసినోళ్ల పేరు. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన మాట కూడా అదే, ఇంగ్లీషు ప్రతిలో కూడా 'బేగార్' అనే ఉంది. దాన్ని చూసి ఛాతీ విరుచుకున్నోణ్ని నేను చూడలేదు.

యుద్ధం బొమ్మలో సిపాయి కనపడతాడు, దొర కనపడతాడు. నిజంగా నడిచిన దండులో మాత్రం ఎక్కువమంది వాళ్లు కాదు. 1838-39లో అఫ్గానిస్తాన్ మీదికి పోయిన కుంపిణీ దండులో బెంగాలు దళం సిపాయిలు 9,500 మంది అయితే వెంట నడిచిన పనివాళ్లు 38,000 మంది. అంటే ఒక్క తుపాకికి నలుగురు మోసేటోళ్లు. దొరల పెట్టెలు ఎన్నంటే, ఒక బ్రిగేడియరు సొంత సామానుకు అరవై ఒంటెలు కావలసి వచ్చినయట. ఒక పటాలం చుట్టల కోసమే రెండు ఒంటెలు. 1842 జనవరిలో అదే దండు కాబూలు వదిలి వెనక్కి మళ్లినప్పుడు సైనికులు 4,500 మంది, పనివాళ్లు దాదాపు 12,000 మంది. మంచులో పోయిన ప్రాణాల్లో పెద్ద వంతు వీళ్లవి. మరి ఆ సంగతిని ఇంగ్లండు ఎట్ల గుర్తుపెట్టుకుంది? లేడీ బట్లర్ 1879లో వేసిన చిత్రంలో ఒక గుర్రం, దాని మీద వాలిపోతున్న ఒక డాక్టరు బ్రైడన్. ఆ చిత్రం పేరు 'దండులో మిగిలింది'. పన్నెండు వేల మందిని మిగలనివ్వని చరిత్ర ఆ ఒక్క గుర్రాన్ని మిగుల్చుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇంతే. మన దేశం నుంచి పోయినోళ్లల్ల అయిదు లక్షలకు పైగా మంది తుపాకి పట్టనోళ్లు. వంటవాళ్లు, నీళ్లు మోసేటోళ్లు, పాకీ పనివాళ్లు, కంచర గాడిదలు తోలేటోళ్లు, డోలీలు మోసేటోళ్లు, కూలీలు. రాధికా సింఘా 2020లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకం రాసింది. మన విద్యార్థులు తప్పక చదవాలె. 'ఫాలోయర్' అనే ఆ సర్కారీ మాటలోనే కులం ఎట్ల దూరి కూర్చుందో, 'నీచమైన' పని అని విడిగా గీత గీసి జీతం, బట్ట ఎట్ల తక్కువ చేసిండ్రో ఆమె కాయితాలు పట్టుకొని చూపించింది.

మన హైదరాబాదు దిక్కు వస్తే, చరిత్రను ఆడే వేదికలు తక్కువేం లేవు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించిన కథలో అబ్దుల్ రజాక్ లారీ గాయాలను అందరూ చెప్తరు. 2022 నుంచి ప్రతి సెప్టెంబరు 17న 1948 నాటి సంగతుల మీద వేదికలు లేస్తున్నయి, వాటికి ఒక్కొక్క పార్టీది ఒక్కొక్క పేరు. సినిమాలు ఉండనే ఉన్నయి. అన్నింట్లో తలపడేది ఇద్దరే, గుర్రమెక్కినోడూ, వాణ్ని ఎదిరించినోడూ. సామాను మోసేటోడు ఉంటే దుమ్ములో ఉంటాడు. ఇందులో 'మా భూమి' వేరు అని ఒప్పుకోవాలి. 1979లో తీసిన ఆ సినిమా వెట్టిని కథ నడుమకు తెచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య కూడా 1972 నాటి తన తెలంగాణ పోరాట పుస్తకంలో ఏ కులం ఏ వెట్టి చేసిందో విడివిడిగా చెప్పిండు, ప్రతి దళిత కుటుంబం ఒక మనిషిని వెట్టికి పంపాల్సి వచ్చేదని రాసిండు. అంతవరకు మంచిదే. తర్వాత వచ్చిన వామపక్ష పాటల్లో, నాటకాల్లో ఆ విడివిడి పోయి 'రైతుకూలీ' అనే ఒక్క ముద్ద మిగిలింది. చెంబు మోసినోడూ, చెంబు ముట్టరానోడూ ఆ ముద్దలో ఒక్కటే అయిపోయిండ్రు. నాకు ఈ విషయంలో సుందరయ్య కంటే ఆయన తర్వాతి వాళ్ల మీదనే కోపం ఎక్కువ.

ఇప్పుడు మన ఇంట్లోని తగాదాకు వస్తాను. ఆ రాత్రి హాస్టలుకు తిరిగొచ్చి ఈ సంగతి చెప్తే మిత్రులు రెండుగా చీలిండ్రు. ఒక పక్షం, మీరు ఆ వేషం వేయడమే తప్పు, సిపాయి వేషం అడిగి ఉండాల్సింది అన్నది. మనోళ్లు సిపాయిలు కాదా అని అడిగింది. అడగడంలో న్యాయముంది. 1818 జనవరి 1న భీమా ఒడ్డున కోరేగావ్‌లో పీష్వా దండును నిలువరించిన కుంపిణీ పటాలంలో మహార్లు ఎంతమందో ఆ స్తంభం మీది పేర్లు చెప్తయి. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి పోయి నిలబడ్డప్పటి నుంచి అది మన జ్ఞాపకం అయింది. మద్రాసు ఫిరంగి దళం ముక్క కూడా ఆ పోరులో ఉంది. 1890ల్లో యుద్ధజాతుల సిద్ధాంతం పేరుతో మహార్లకు, మన తెలుగువాళ్లకు సైన్యం తలుపులు మూసిండ్రు. దానికి వ్యతిరేకంగా అర్జీ రాసింది గోపాల్ బాబా వలంగ్‌కర్. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు మేజరు. ఆ ఇంటికి సైన్యం వల్ల చదువు వచ్చింది. ఇవన్నీ నాకూ తెలుసు, నేనూ సభల్లో చెప్పిన.

కాని నాకు ఒక అనుమానం మిగిలింది. కోరేగావ్ ఫిరంగుల వెంట గుండ్లు మోసినోళ్లు, ఎద్దులు తోలినోళ్లు, దొరల పెట్టెలు మోసినోళ్లు ఉన్నరు గదా. వాళ్లల్ల మనోళ్లు లేరా? ఏ స్తంభం వాళ్ల పేర్లు పట్టుకుంది? తుపాకి పట్టినోడే మన తాత, పెట్టె మోసినోడు పరాయోడా? పీష్వాల రాజ్యంలో మెడకు ముంత కట్టిన అవమానాన్ని తుపాకితో కడుక్కున్నం అని చెప్పేటప్పుడు, తుపాకి దొరకనోళ్లను మనమే దుమ్ములోకి నెడుతున్నమేమో. అంబేద్కర్ ఒక్క కోరేగావ్‌కే పోలేదు. మరుసటి యేడు, 1928లో, బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ మీద బిల్లు పెట్టిండు. ఊరి చాకిరీ, సర్కారు చాకిరీ, రాత్రిపగలు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాల్సిన ఆ కట్టును తెంపాలని కొట్లాడిండు. అది పెట్టె మోసేటోడి కోసం పెట్టిన బిల్లు. కోరేగావ్‌కు మనం ఏటా దండలు తీసుకపోతం, 1928ని పరీక్షల కోసం చదువుతం.

రెండో పక్షం, ఆరు వందలు వస్తున్నప్పుడు వేషం వేషమే, దాన్ని పట్టుకొని ఏడ్వొద్దు అన్నది. బస్తీ నుంచి వచ్చిన ఇద్దరు కూడా అదే అన్నరు. మామూలు రోజుల్లో పెండ్లి భోజనాల కాడ అంట్లు తీస్తే ఇంతకంటే తక్కువ వస్తది. ఈ మాటను తోసెయ్యడం నాకు చేతకాదు. కూలి ఇచ్చి మోయించడానికీ, కూలి ఇవ్వకుండా మోయించడానికీ తేడా మా తాతలకు బాగా తెలుసు. వెట్టి తప్పించుకొని కంటోన్మెంటుకు పారిపోయినోళ్లు ఎందుకు పారిపోయిండ్రు? 1806లో సికిందరాబాదు దండు విడిది పడ్డాక దొరల ఇండ్లల్ల బట్లరుగా, వంటవాడిగా, పెట్టె మోసేటోడిగా చేరితే నెల తిరిగేసరికి రూపాయి చేతికొచ్చేది. భాగ్యరెడ్డి వర్మ చిన్నప్పుడు ఇల్లు వదిలిపోయి సికిందరాబాదులో దోస్ శాంటోస్ అనే బారిష్టరు ఇంట్లో పనిచేసిండు. అక్కడే లోకం తెలిసింది. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టిన మనిషి ఒకరి ఇంట్లో నౌకరీ నుంచి వచ్చినోడే. దొరలు దయగలోళ్లని నేను అంటలేను. జీతం ఉన్న నౌకరీకి బయటికి ఒక దారి ఉండేది, వెట్టికి ఉండేది కాదు.

అందుకని వేషం వేసినందుకు నేను సిగ్గుపడను. నాకు కోపమొచ్చింది వంగమన్నందుకు.

అమెరికాలో పెట్టె మోసిన నల్ల మనిషి కథ ఇంకో విధంగా నడిచింది, అది మనకు హెచ్చరిక. అంతర్యుద్ధంలో దక్షిణాది దొరల వెంట వాళ్ల బానిసలు పెట్టెలు మోస్తూ, వంట చేస్తూ, గుర్రాలు కడుగుతూ నడిచిండ్రు. యుద్ధం ఓడిపోయినంక ముసలోళ్లయిన ఆ బానిసలను దక్షిణాది సైనికుల సమ్మేళనాలకు తీసుకొచ్చి నిలబెట్టిండ్రు. మిసిసిపీ రాష్ట్రం 1888లోనే అట్లాంటి నౌకర్లకు పింఛను ఇచ్చింది. మిగతా నల్లవాళ్ల ఓటు లాక్కుంటూ వీళ్లకు మాత్రం 'విశ్వాసపాత్రులు' అని పింఛను. చివరికి ఆ నౌకర్లనే 'నల్ల సైనికులు' అని, వాళ్లు బానిసత్వం కోసం ఇష్టంగా పోరాడిండ్రని కొత్త కథ అల్లిండ్రు. కెవిన్ లెవిన్ 2019లో ఒక పుస్తకం రాసి దాన్ని ముక్కలు ముక్కలు చేసిండు. పెట్టె మోసినోడికి బలవంతంగా సిపాయి టోపీ పెట్టినా చరిత్ర చచ్చిపోతది. అది దొర పెట్టినా, మనం మన గౌరవం కోసం పెట్టుకున్నా అంతే. మోసినోణ్ని మోసినోడిగానే చెప్పాలి. ఏం మోసిండు, ఎంత దూరం, కూలి ఎంత, మోయనంటే ఏం చేసిండ్రు. ఇవి చెప్తే చాలు, టోపీ అక్కర్లేదు.

ఈ సంగతి పాతది అనుకునేటోళ్లు కొత్తగూడ నుంచి కొండాపూర్ దాకా ఒక్కసారి నడవండి. ఫ్లైఓవరు కింద వీపు మీద పెద్ద చతురస్రపు సంచులతో బండ్ల మీద నిలబడ్డ పిల్లలు కనపడతరు. పెద్ద హోటళ్ల ముందర పగిడీ, భుజకీర్తులు, నడుముపట్టీతో పాత దండు జమేదారు లెక్క నిలబడి కార్ల డిక్కీలోంచి పెట్టెలు దించే మనిషి కనపడతడు. ఆయన రోజూ ఆడుతున్నది చరిత్ర నాటకమే, టికెట్టు లేదు అంతే. తెల్లవాళ్లు 1857 తర్వాత ఓడిపోయిన దర్బార్ల దుస్తులు తమ నౌకర్లకు తొడిగిండ్రు. ఆ అలవాటు హోటలు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇంకొంచెం ముందుకు పోతే ప్రత్యేక పోలీసు ఎనిమిదో బెటాలియన్. 2024 అక్టోబరులో రాష్ట్రంలో అనేక బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను ఎత్తుకొని రోడ్డు మీదికొచ్చిండ్రు. అందరికీ ఒకే పోలీసు విధానం కావాలన్నరు, మా మొగోళ్లతో గడ్డి పీకించే వెట్టి చాకిరీ చేయిస్తున్నరన్నరు. 'వెట్టి' అనే మాటే వాడిండ్రు. 39 మందిని సస్పెండు చేసిండ్రు, 10 మందిని ఉద్యోగంలోంచి తీసేసిండ్రు. రెండేండ్ల ముందు, 2022లో, పోలీసు అధికారుల ఇండ్లల్ల ఆర్డర్లీ చాకిరీ ఆపాలని మద్రాసు హైకోర్టు గట్టిగా చెప్పింది. ఊరి మస్కూరీలు, కావలికారులు, వెట్టోళ్ల వారసులైన వీఆర్ఏలు 20 వేల మందికి పైగా మన దగ్గర 2023లో గానీ సరైన జీతం ఉన్న నౌకరీల్లోకి రాలేదు. పటేల్ పట్వారీలను 1984లో తీసేసినా, వాళ్ల పెట్టె మోసినోళ్లు ఇంకో 39 ఏండ్లు ఆగాల్సి వచ్చింది.

విమర్శ రాసేటోడు ఏం చెయ్యాలో కూడా చెప్పాలె గదా అని మా గైడు అంటుంటరు. నాకు తోచింది చిన్నది. మన విద్యార్థులు ఊర్లకు పోయినప్పుడు ముసలోళ్లను 'వెట్టి చేసినవా' అని అడుగుతున్నరు. వాళ్లు అవునంటరు, టేపు ఆగిపోతది. అట్ల కాకుండా ఏ సామాను ఎవరు మోసిండ్రు, ఏది ముట్టనిచ్చిండ్రు, ఏది ముట్టనియ్యలేదు, పై ఊరి వాళ్లకు అప్పజెప్పేటప్పుడు మూట దించే కాడ ఏం జరిగేది అని అడగండి. చుట్టకుదురు దేనితో చేసేటోళ్లో అడగండి. మా అవ్వ చెప్పిన వరుస ఒక ఊరిది. మూసీ దిక్కు వేరే ఉండొచ్చు, కోస్తాలో వెట్టివాడు సర్కారు లెక్కల్లో ఉన్న ఉద్యోగం గనుక ఇంకా వేరే ఉంటది. దండుల వెంట ధాన్యం మోసిన లంబాడీల ముచ్చట వాళ్ల తాండాల్లోనే దొరుకుతది.

ఆ పిల్లగాడి సంగతి చెప్పి ఆపేస్తా. ఆ సాయంత్రం వాడు తువ్వాల తీసేసిండు కాని వంగలేదు. రెండుసార్లు చెప్పించుకొని కూడా మెడ నిలువుగానే నడిచిండు. మరుసటి యేడు అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తే వాడు, సిపాయి వేషమైతేనే వస్తా, ఎనిమిది వందలు అన్నడు. ఇచ్చిండ్రు. నేను చూడపోయిన. ఎర్ర నడుముపట్టీలో వాడు బాగున్నడు. ఫొటోలు దిగిండు, వాళ్లమ్మకు పంపిండు. పెట్టె ఆసారి ఒడిశా నుంచి వచ్చిన ఒక పిల్లగాడి నెత్తి మీద ఉంది. వానికి మా భాష రాదు, వేషాలు పంచిన మనిషి చేత్తో నడుం చూపించి వంగమని సైగ చేస్తున్నడు. మావాడు వరుసలోంచి బయటికొచ్చి తన తువ్వాల ఇచ్చిండు. కట్టుకోవడం ఆ పిల్లగానికి ముందే తెలుసు.